పాత టేప్ హ్యాండీక్యామ్‌ని కంప్యూటర్ గుర్తుపట్టట్లేదా? కెమెరాని పారేసే ముందు ఇవి చూడండి

ఇవ్వాళ కొత్త ఫోన్ ఏం లేదు, కొత్త యాప్ ఏం లేదు. నా టేబుల్ మీద ఉన్నది ఒక పాత హ్యాండీక్యామ్, ఒక బిస్కెట్ డబ్బా. డబ్బాలో పదకొండు చిన్న క్యాసెట్లు. ఒక్కొక్కటి అగ్గిపెట్టె కన్నా జర పెద్దగ ఉంటది, అంతే.

ఈ కెమెరా మా పెద్దబాపుది. దుబాయ్‌లో పని చేసేటప్పుడు 2005లో సెలవు మీద వస్తూ తెచ్చిండు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల దిక్కు గల్ఫ్ నుంచి వచ్చిన అట్టపెట్టె అంటే మీకు తెలుసు కదా. అత్తరు సీసాలు, దుప్పట్లు, టార్చిలైటు. జర నాలుగు పైసలు మిగిలినోళ్లయితే ఒక హ్యాండీక్యామ్. నిజానికి హ్యాండీక్యామ్ అన్నది సోనీ వాళ్లు పెట్టుకున్న పేరు, కానీ మనం ఏ కంపెనీది అయినా అదే పేరుతో పిలుస్తం.

2006లో కోరుట్లలో మా మేనత్త పెండ్లి అయింది. స్టూడియో వాళ్లు వీడియో తీసి సీడీ ఇచ్చిండ్రు. అప్పగింతలప్పుడు మా నాయనమ్మ బిడ్డను పట్టుకుని పాట పాడుకుంట ఏడ్చింది. సీడీలో ఆ సీన్ ఉంది. నాయనమ్మ నోరు కదులుతది. కానీ వినపడేది సినిమా పాట. మిక్సింగ్‌లో అసలు సౌండ్ తీసేసి పాట వేసిండ్రు. మీ ఇండ్లల్ల ఉన్న పెండ్లి సీడీలు కూడా ఒకసారి పెట్టి చూడండి, చాలా వరకు ఇట్లనే ఉంటయి.

నాయనమ్మ 2011లో పోయింది. ఆమె గొంతు మా దగ్గర ఎక్కడా రికార్డు లేదు. ఒక్క ఈ డబ్బాలో తప్ప. ఎందుకంటే ఆ రోజు పెద్దబాపు కూడా పక్కన నిలబడి ఈ కెమెరాతో షూట్ చేసిండు.

మొన్న అత్తమ్మ ఫోన్ చేసి, "అల్లుడా, నువ్వు కంప్యూటర్ సదివినవు గదా, గా క్యాసెట్లు నా ఫోన్ల ఎక్కియ్యరాదు?" అన్నది. నేను కూడా, "ఎంత పని అత్తమ్మా, గంట" అన్న. నాకు వారం పట్టింది. ఆ వారంలో నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉండాలనే ఈ వీడియో.

ముందు అసలు సంగతి: గుర్తుపట్టడం అంటే ఏంది?

మనం ఫోన్ అలవాటు మీద ఉన్నం. ఫోన్‌కి కేబుల్ పెడితే కంప్యూటర్‌లో ఒక డ్రైవ్ లెక్క కనపడతది, లోపల ఫోల్డర్లు, ఫైళ్లు ఉంటయి, కాపీ పేస్ట్ చేస్తం. టేప్‌లో ఫైలే లేదు. ఫోల్డర్ లేదు. ఉన్నది 6.35 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక రిబ్బన్. 60 నిమిషాల క్యాసెట్‌లో అది సుమారు 68 మీటర్లు. కెమెరాలో చిన్న డ్రమ్ నిమిషానికి 9000 సార్లు తిరుగుతూ, ఆ రిబ్బన్ మీద ఏటవాలుగా గీతలు చదువుతది. మన దగ్గర వాడే పాల్ పద్ధతిలో ఒక్క ఫ్రేముకు 12 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు.

సిరిసిల్ల వాళ్లకు ఇది ఒక్క మాటలో అర్థమైతది. సాంచె నడిస్తేనే బట్ట దిగుతది. పది మీటర్ల బట్ట కావాలంటే పది మీటర్లు నేసేదాక ఆగాలె. టేప్ కూడా అంతే. కెమెరాలో క్యాసెట్ తిరగాలె, వచ్చింది వచ్చినట్టు కంప్యూటర్ రాసుకోవాలె. గంట క్యాసెట్‌కి గంట పడతది. దీన్నే క్యాప్చర్ అంటరు.

అందుకే కెమెరా సరిగ్గా కనెక్ట్ అయినా సరే, 'దిస్ పీసీ'లో డ్రైవ్ లెక్క ఎప్పటికీ రాదు. చాలామంది అక్కడ వెతికి, ఏం కనపడక, కెమెరా ఖరాబైంది అనుకుని పక్కన పడేస్తరు. ముందు ఆ ఆలోచన తీసేయండి.

ఒకటి: మీ క్యాసెట్ ఏ రకం?

చిన్న క్యాసెట్ మీద 'మినీ డీవీ' అని ఉంటే అది డిజిటల్. 1995లో వచ్చిన ఫార్మాట్. జర పెద్దగ, పాటల క్యాసెట్ సైజులో ఉండి కెమెరా మీద 'డిజిటల్ 8' అని ఉంటే అది కూడా డిజిటలే. క్యాసెట్ మీద, కెమెరా మీద కూడా 'హై 8' లేదా 'వీడియో 8' అని మాత్రమే ఉంటే అది అనలాగ్. ఇంక భుజం మీద పెట్టుకుని తీసే పెద్ద వీహెచ్ఎస్ కెమెరాలు కూడా అనలాగే.

అనలాగ్ కెమెరాని కంప్యూటర్ నేరుగా గుర్తుపట్టనే పట్టదు. మీరు ఎన్ని డ్రైవర్లు వేసినా పట్టదు. దానికి వేరే దారి ఉంది, చివరికి చెప్తా. ఇప్పుడు డిజిటల్ వాటి సంగతి చూద్దాం.

రెండు: యూఎస్‌బీ పోర్టు చూసి మోసపోకండి

నా మొదటి తప్పు ఇదే. కెమెరా పక్కన చిన్న యూఎస్‌బీ పోర్టు ఉంది. కేబుల్ పెట్టిన. ల్యాప్‌టాప్, 'యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్' అన్నది. ఇంకో కేబుల్, ఇంకో పోర్టు, రీస్టార్ట్... ఒక రోజు మొత్తం దాంతోనే పోయింది.

విషయం ఏందంటే, చాలా మినీ డీవీ కెమెరాలల్ల ఆ యూఎస్‌బీ ఉన్నది క్యాసెట్ కోసం కాదు. మెమరీ కార్డులో తీసిన ఫొటోలు పంపడానికి, లేకపోతే వెబ్‌క్యామ్ లెక్క చిన్న సైజు బొమ్మ చూపించడానికి. దానికి కూడా విండోస్ ఎక్స్‌పీ రోజుల డ్రైవర్ కావాలె. ఎందుకట్ల చేసిండ్రు అంటే కారణం ఉంది. అప్పటి యూఎస్‌బీ 1.1 స్పీడు సెకనుకు గరిష్ఠంగా 12 మెగాబిట్లు. డీవీలో ఒక్క వీడియోకే 25 మెగాబిట్లు కావాలె. ఎక్కడ పడతది? తర్వాత యూఎస్‌బీ 2.0 వచ్చినంక కొన్ని మోడళ్లలో పూర్తి వీడియో కూడా పంపే సౌకర్యం ఇచ్చిండ్రు. మీ కెమెరా అట్లాంటిదా కాదా అన్నది మాన్యువల్‌లో ఉంటది. కానీ ఎక్కువ వాటికి క్యాసెట్ వీడియో బయటికి వచ్చే దారి వేరే ఉంది.

మూడు: అసలు దారి ఫైర్‌వైర్

కెమెరా మీద చిన్న రబ్బరు మూత ఉంటది. తీసి చూడండి. 'డీవీ' అనో, 'ఐ లింక్' అనో రాసి ఉన్న చిన్న పోర్టు. దాని అసలు పేరు ఐఈఈఈ 1394. యాపిల్ వాళ్లు ఫైర్‌వైర్ అన్నరు, సోనీ వాళ్లు ఐ లింక్ అన్నరు. మూడూ ఒకటే. కెమెరా దిక్కు 4 పిన్నులు ఉంటయి. కంప్యూటర్ దిక్కు 6 పిన్నులు, తర్వాత వచ్చిన వాటిలో 9 పిన్నులు. పాత ల్యాప్‌టాప్‌లల్ల కెమెరా లెక్కనే 4 పిన్నుల పోర్టు కూడా ఉండేది. అందుకే కేబుల్ కొనేముందు రెండు దిక్కుల పోర్టులు ఫొటో తీసుకోండి.

నా రెండో తప్పు ఇక్కడ. ఆన్‌లైన్‌లో 'ఫైర్‌వైర్ టు యూఎస్‌బీ' అని చవకగ ఒక కేబుల్ దొరికింది. ఎగిరి గంతేసి కొన్న. పని చేయలేదు. చేయదు కూడా. ఎందుకంటే ఆ కేబుల్ లోపల మాట మార్చే చిప్ ఏం ఉండదు, వైరుకు వైరు కలిపి ఉంటది, అంతే. ఒకాయనకు తెలుగు తప్ప రాదు, ఇంకొకాయనకు అరబ్బీ తప్ప రాదు అనుకోండి. ఇద్దరి మధ్యల తీగ గుంజితే మాట అర్థమైతదా? ఫైర్‌వైర్, యూఎస్‌బీ రెండూ వేరే భాషలు. పైగా 6 పిన్నుల ఫైర్‌వైర్‌లో వచ్చే కరెంటు యూఎస్‌బీ 5 వోల్టుల కన్నా చాలా ఎక్కువ ఉండొచ్చు. తప్పుగ కలిపితే పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది.

చాలామందికి వచ్చే డౌట్ ఇంకోటి: "అన్నా, ఓటీజీ పెట్టి నేరుగ ఫోన్‌లకు తీసుకోవచ్చా?" రాదు. ఓటీజీ కూడా యూఎస్‌బీనే. ఫైర్‌వైర్ భాష ఫోన్‌కు తెల్వదు.

ఇంకో జాగ్రత్త. ఫైర్‌వైర్ కేబుల్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కెమెరా ఆఫ్‌లో ఉండాలె. వీలైతే కంప్యూటర్ కూడా. 6 పిన్నుల దిక్కు ఉల్టా పెట్టి నెట్టొద్దు. ఒక్కసారి కెమెరాలో ఫైర్‌వైర్ చిప్ కాలిందంటే క్యాసెట్ స్క్రీన్ మీద మంచిగనే ఆడుతది, కానీ కంప్యూటర్‌కు మాత్రం ఎప్పటికీ దొరకదు.

నాలుగు: ఆ పోర్టు ఉన్న కంప్యూటర్ ఎక్కడ దొరుకుతది?

ఇప్పటి ల్యాప్‌టాప్‌లల్ల ఫైర్‌వైర్ రాదు. డెస్క్‌టాప్ అయితే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు కొని వేసుకోవచ్చు. మ్యాక్ వాళ్లకు థండర్‌బోల్ట్ నుంచి ఫైర్‌వైర్ అడాప్టర్ ఉండేది. కానీ 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ తాహోలో యాపిల్ ఫైర్‌వైర్ సపోర్టునే తీసేసింది. అంటే ఈ దర్వాజలు ఒక్కొక్కటిగ మూసుకుంటున్నయి. చూద్దాం, చేద్దాం అనుకుంటే టేప్ ఉంటది, కెమెరా ఉంటది, ఎక్కించే కంప్యూటర్ ఉండదు.

నాకు దారి సిరిసిల్లలో దొరికింది. నాతో బీటెక్ చదివిన ఫ్రెండ్ వాళ్ల బాపుకు అక్కడ ఫొటో స్టూడియో ఉంది. 2000ల తర్వాత ఊరూరా పెండ్లి వీడియోలకు మిక్సింగ్ యూనిట్లు ఉండేవి కదా, ఆయనది కూడా అట్లాంటిదే. అప్పుడు పెండ్లి వీడియో మొత్తం టేప్ నుంచి కంప్యూటర్‌లకు ఫైర్‌వైర్ మీదనే ఎక్కించేవాళ్లు. నేను ఫోన్ చేసి కథ మొత్తం చెప్తే కాక నవ్విండు. "బిడ్డా, నువ్వు వేరే ఇంటి దర్వాజ కొడుతున్నవు. కెమెరా పట్టుకుని రా" అన్నడు.

మీకు నేను చెప్పేది కూడా అదే. కొత్తది కొనే ముందు మీ ఊర్ల పాత మిక్సింగ్ యూనిట్ నడిపినాయన ఎవరున్నరో అడగండి. ఆ వెనక రూముల దుమ్ము పట్టిన ఒక డెస్క్‌టాప్ ఉండొచ్చు. మనకు కావాల్సింది అదే.

ఐదు: కార్డు ఉన్నా కనపడకపోతే డ్రైవర్

మీ సొంత కంప్యూటర్‌లో కార్డు వేసుకున్నరు అనుకోండి. డివైస్ మేనేజర్ తెరవండి. 'ఐఈఈఈ 1394 హోస్ట్ కంట్రోలర్స్' అన్న వరుస ఉందా? లేకపోతే కార్డే కనపడట్లేదు, సరిగ్గా కూర్చోలేదు. ఉంది కానీ కెమెరా రావట్లేదు అంటే డ్రైవర్ మార్చి చూడాలె. విండోస్ 7 దాక దాంట్ల 'లెగసీ' అన్న పాత డ్రైవర్ కూడా కలిసి వచ్చేది, చాలా డీవీ కెమెరాలు దాంతోనే మంచిగ పని చేస్తయి. విండోస్ 8 నుంచి అది కలిసి రావట్లేదు, మైక్రోసాఫ్ట్ విడిగా డౌన్‌లోడ్‌కి పెట్టింది. అది ఇన్‌స్టాల్ చేసి, కంట్రోలర్ మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, లిస్టులోంచి నేనే ఎంచుకుంటా అని చెప్పి, చివర 'లెగసీ' అని ఉన్నది ఎంచుకోండి. రీస్టార్ట్ చేయండి.

ఆరు: కెమెరా దిక్కు చూడాల్సినవి

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో నేను నేర్చుకున్నది ఒక్కటే. బగ్ ఎక్కడుందో తెల్వనప్పుడు అన్నీ ఒకేసారి మార్చొద్దు. గొలుసు లెక్క చూడాలె. టేప్, కెమెరా, కేబుల్, పోర్టు, డ్రైవర్, సాఫ్ట్‌వేర్. ఒక్కొక్క కొండి చూసుకుంట పోవాలె.

క్యాసెట్ కెమెరా స్క్రీన్ మీదనే ఆడుతుందా? ఆడకపోతే కంప్యూటర్‌ని అనుడు దండగ. బొమ్మ గళ్లు గళ్లుగ పగిలిపోతే హెడ్ మీద మురికి ఉంది. క్లీనింగ్ క్యాసెట్ పది సెకన్లు మాత్రమే ఆడించండి, ఎక్కువ ఆడిస్తే హెడ్ అరుగుతది.

బ్యాటరీ మీద కాదు, అడాప్టర్ మీద పెట్టండి. స్విచ్ 'కెమెరా' మీద కాదు, 'ప్లే' లేదా 'వీసీఆర్' మీద ఉండాలె. హెచ్‌డీవీ కెమెరా అయితే మెనూలో హెచ్‌డీవీ, డీవీ అని సెట్టింగ్ ఉంటది, టేప్ ఏదైతే అది పెట్టండి. ఈ సెట్టింగ్ మార్చేటప్పుడు కేబుల్ తీసి ఉంచాలె.

క్యాసెట్ వెనక చిన్న మీట ఉంటది, దాన్ని 'సేవ్' దిక్కు జరపండి. పొరపాటున రికార్డ్ నొక్కితే పాతది చెరిగిపోకుండా కాపాడతది. క్యాసెట్ మీద తెల్లగ బూజు కనపడితే కెమెరాలో అసలే పెట్టొద్దు. ఆ బూజు హెడ్‌కు అంటి మిగతా క్యాసెట్లను కూడా పాడు చేస్తది.

ఏడు: సాఫ్ట్‌వేర్

విండోస్‌లో విన్‌డీవీ అని చిన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. లినక్స్‌లో డీవీగ్రాబ్. ఒకేసారి రెండు ప్రోగ్రాములు తెరవొద్దు, ఒకటి కెమెరాని పట్టుకుంటే రెండోదానికి దొరకదు. గంట టేప్‌కి సుమారు 13 జీబీ పడతది. ఖాళీ ముందే చూసుకోండి.

మా కథ ఏమైంది?

సిరిసిల్లలో కాక పాత కంప్యూటర్ ఆన్ చేసిండు. విండోస్ ఎక్స్‌పీ తెరుచుకుంది. నేను తెచ్చిన కేబుల్ పెట్టినం, రాలేదు. సొరుగులోంచి ఇంకోటి తీసిండు, రాలేదు. మూడో కేబుల్ పెట్టి కెమెరా ఆన్ చేస్తే 'టింగ్' అని చప్పుడు, కింద మూలకు 'డీవీ క్యామ్‌కార్డర్' అని వచ్చింది. వారం తిప్పలకు చివరి అడ్డం ఒక కేబుల్.

టేప్ తిరుగుతుంటే నేను కాకను అడిగిన, "పెండ్లి వీడియోలల్ల అసలు సౌండ్ తీసేసి పాటలు ఎందుకు వేసేవాళ్లు?" అని. ఆయన కోపం తెచ్చుకోలేదు. "ఏడుపు వద్దు, మంచి పాట వెయ్యి అని పెండ్లోళ్లే చెప్పేటోళ్లు బిడ్డా. అప్పుడు ఆ మనుషులు ఎదురుంగనే ఉన్నరు కదా, గొంతు ఎవరికి కావాలె?" అన్నడు.

అప్పగింతల సీన్ వచ్చింది. డీవీ టేప్‌లో వీడియోతో పాటు తేదీ, టైమ్ కూడా రికార్డ్ అయి ఉంటయి. చూస్తే సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు అని ఉంది. పెద్దబాపు దాన్ని చూసి, "కాదు, ఐదు దాటింది" అన్నడు. నిజమే. కెమెరా గడియారం దుబాయ్ టైమ్ మీదనే ఉంది, గంటన్నర వెనక. ఆయన ఎన్నడూ మార్చలేదు.

బ్యాండు చప్పుడులో పాట సగమే వినపడింది. కానీ నాయనమ్మ గొంతే. మధ్యల పాట ఆపి, పక్కకు తిరిగి, "ఎవలన్న పొల్లకు మంచినీళ్లియ్యుర్రి" అన్నది. మళ్ల పాట అందుకుంది. సీడీలో ఆ మాట లేదు. ఆ సీడీ బొమ్మ 352 బై 288, టేప్ 720 బై 576. అంటే బొమ్మ కూడా నాలుగు రెట్లు ఎక్కువ ఉంది. కానీ నిజం చెప్పాలంటే మా ఇంట్ల ఎవరూ బొమ్మ క్వాలిటీ గురించి మాట్లాడలేదు.

ఫైర్‌వైర్ కాలిపోతే? అనలాగ్ అయితే?

ఆశ వదలొద్దు. కెమెరాకు ఏవీ అవుట్ ఉంటది, పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల కేబుల్. దాన్ని యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్‌కు పెట్టి కంప్యూటర్‌లో రికార్డ్ చేయొచ్చు. సెట్టింగ్‌లో పాల్ ఎంచుకోండి. అమెరికా నుంచి తెచ్చిన కెమెరా అయితే ఎన్‌టీఎస్‌సీ. ఏవీ కేబుల్ మీ కెమెరాదే వాడండి, చూడ్డానికి ఒకే లెక్క ఉన్నా లోపల వైర్ల వరుస కంపెనీకో తీరు ఉంటది. కెమెరా మెషీన్ భాగమే పోతే ఇంకొకరి మినీ డీవీ కెమెరా అడిగి తెచ్చుకోండి, టేప్ దాంట్ల ఆడొచ్చు. ఎల్‌పీ మోడ్‌లో తీసినవి మాత్రం వేరే కెమెరాలో ఒక్కోసారి సరిగ్గా ఆడవు. ఏవీతో క్వాలిటీ కొంచెం తగ్గుతది. గొంతు మాత్రం వస్తది.

క్యాప్చర్ అయినంక ఆ పెద్ద ఫైలును అట్లనే ఉంచండి. వాట్సాప్ కోసం చిన్న కాపీ వేరే చేసుకోండి. ఒరిజినల్ రెండు చోట్ల పెట్టండి, ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఇంట్ల. క్యాసెట్ కూడా పారెయ్యొద్దు.

పదకొండు క్యాసెట్లకు ఇప్పటిదాక ఏడు అయినయి. ఆ సీన్ వరకు కట్ చేసి అత్తమ్మకు పంపిన. చాలాసేపు ఏం రిప్లై రాలేదు. రాత్రి ఫోన్ చేసింది. పాట గురించి ఏం అనలేదు. "అల్లుడా, ఆ రోజు నీళ్లు తెచ్చి ఇచ్చింది నువ్వేరా. నీకు యాదికి లేదా?" అన్నది. నాకు యాదికి లేదు. టేప్‌ల చూసుకున్న, స్టీలు గ్లాసు పట్టుకుని ఉరుకొచ్చిన తొమ్మిదేండ్ల పోరడు, నేనే.

మీ బీరువాలో కూడా ఇట్లాంటి డబ్బా ఉంటే ఈ ఆదివారం తీయండి. మళ్లీ కలుద్దాం. నమస్తే.